బండను చూసి బండి కట్టాల

తాడిపత్రిలో ఉండే మా చిన్నాన్న కొడుకు పోయిన నెలలో వాట్సాప్‌లో ఒక పార్ట్స్ లిస్టు పంపించాడు. "అన్నా, ఇది సరిపోతాదో లేదో చూసి చెప్పు, డబ్బులు రెడీగా పెట్టుకున్యా" అని కింద మెసేజ్. ఆర్సీ క్రాలర్ (రిమోట్‌తో రాళ్ల మీద మెల్లగా ఎక్కించే చిన్న బండి) కట్టుకోవాలని వాడికి చానా కాలంగా ఆశ. లిస్టు శ్రద్ధగా రాశాడు: ఇత్తడి నకిల్స్ (ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లు, బరువు కోసం ఇత్తడివి), పోర్టల్ యాక్సిల్స్ (చక్రాల దగ్గరే గేర్లుండేవి), మెత్త రకం 1.9 అంగుళాల టైర్లు, బ్రష్‌లెస్ మోటారు, త్రీ-ఎస్ (మూడు సెల్లుల) బ్యాటరీ, నీళ్లు చొరని రిసీవర్ డబ్బా. ఒక్కోదాని పక్కన ధర, దాని కింద కొరియర్ ఖర్చు. అమెరికాలో మోయాబ్ రాళ్ల మీద నడిపే ఎవరిదో వీడియో చూసి ఎత్తి రాసుకున్నాడని చూడగానే తెలిసిపోయింది.

వాణ్ణి ఒకటే అడిగాను. "దీన్ని యాడ నడుపుతావురా?"

కాసేపు జవాబు లేదు. తర్వాత "రాళ్ల మీదే కదన్నా" అన్నాడు.

ఏ రాళ్ల మీద అన్న మాట ఆ లిస్టులో ఎక్కడా లేదు. క్రాలర్ కట్టుకునే మన పిల్లల్లో చాలామంది లిస్టుల్లో అది ఉండటం లేదు. సొంతంగా క్రాలర్ కట్టుకునేవాడు తన ఊరి పక్కనున్న రాయిని ముందు చూసి, దాని మీద చెయ్యి పెట్టి, నడిచి, ఆ తర్వాతే ఏ పార్టుకైనా డబ్బు కట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. కస్టమ్ అని పేరు పెట్టుకుని ఇంకో దేశపు బండకు సరిపోయే బండిని ఇక్కడ కట్టుకుంటే అందులో మనది అంటూ ఏమీ మిగలదు.

ఒకే జిల్లా, రెండు రకాల రాయి

నేను ఎక్కువగా నడిపేది గుత్తి చుట్టుపక్కల గుండ్ల మీద. కోట మీద కాదు, అది రక్షిత కట్టడం. మెట్ల మీదా గోడల మీదా బండ్లు ఎక్కించడం తప్పు, ఎవరైనా చేస్తుంటే ఆపండి. ఆ చుట్టుపక్కల పొలాల గట్ల మీద, వాగుల పక్కన కావలసినన్ని గుండ్లు ఉన్నాయి. అంతా గ్రానైట్. అరచెయ్యి ఆనిస్తే జొన్నగింజంత పలుకులు గుచ్చుకుంటాయి. ఎండకు కాగి, రాత్రికి చల్లారి, ఏళ్ల తరబడి ఆ రాయి పైనుంచి పొరలు పొరలుగా లేస్తుంది. పైన పొర గట్టిగా ఉన్నచోట టైరు అతుక్కున్నట్టు పట్టుకుంటుంది. అదే పొర కింద బోలుగా ఉంటే బండి బరువుకే పెళ్లలు ఊడొస్తాయి. గుండు మొదట్లో ఎప్పుడూ గరుసు పేరుకుని ఉంటుంది. ఎక్కడం మొదలుపెట్టే ఆ జానెడు చోటే అన్నిటికంటే కష్టం.

మా తమ్ముడి తాడిపత్రిలో సంగతి వేరు. అక్కడ నాపరాయి పాలిష్ యూనిట్ల దగ్గర పగిలిన బండముక్కలు కుప్పలు కుప్పలుగా పోసి ఉంటాయి. వాడికి దగ్గర్లో ఉన్న 'కొండ' అదే. ఆ ముక్కలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. ముందు చక్రం ఒక కొస మీదికి ఎక్కగానే రెండో కొస పైకి లేచి చాసిస్ పొట్టకు తగులుతుంది. బండి కదిలితే దారే కదులుతుంది. అంచులు పదునుగా, నిటారుగా ఉంటాయి. దానికి తోడు కోతమిషన్ల నుంచి వచ్చే బూడిదరంగు పొడి అన్నిటి మీదా పరుచుకుని ఉంటుంది. టైరు రెండు చుట్లు తిరిగేసరికి ఆ పొడి రబ్బరుకు పూతలా పట్టేసి, ఎంత మెత్తటి టైరైనా నున్నగా జారుతుంది.

గండికోట వైపు క్వార్ట్‌జైట్ మరో రకం, ఓర్వకల్లు రాళ్లు ఇంకో రకం. వాటి మీద నేను నడిపింది తక్కువ కాబట్టి వాటి జోలికి పోను. కానీ గుత్తి, తాడిపత్రి రెండూ ఒకే జిల్లాలో ఉండి, గట్టిగా గంటంబావు ప్రయాణం కూడా లేనంత దగ్గర్లో ఉండి, ఇంత తేడాగా ఉంటే, మోయాబ్ ఇసుకరాయికి రాసిన లిస్టు ఇద్దరికీ సరిపోతుందని ఎట్లా అనుకోవాలి?

ముందు జారుతుందా, ముందు పల్టీ కొడుతుందా

క్రాలర్ వాలు ఎక్కలేక ఆగిపోవడానికి ముఖ్యంగా కారణాలు రెండే. చక్రాలు జారడం ఒకటి, బండి వెనక్కి పల్టీ కొట్టడం రెండు. ఏది ముందు జరుగుతుందన్నది రాయి చెబుతుంది. కట్టేవాడు డబ్బు ఎక్కడ పెట్టాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. వంటింటి డిజిటల్ తూకాలు రెండు సంపాదించి ముందు చక్రాల కింద ఒకటి, వెనక చక్రాల కింద ఒకటి పెట్టాలి. నా బండి ముందు 1.5 కిలోలు, వెనక 1.1 కిలోలు తూగుతుంది. వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 313 మిల్లీమీటర్లు. అంటే గరిమనాభి (బండి బరువంతా నిలిచే కేంద్రం) వెనక యాక్సిల్ నుంచి దాదాపు 18 సెంటీమీటర్లు ముందుంది. నేల నుంచి ఎత్తు సుమారు 9 సెంటీమీటర్లు. 18ని 9తో భాగిస్తే 2, ఆ టాంజెంటుకు కోణం దాదాపు 63 డిగ్రీలు. కాగితం మీద ఆ వాలు దాకా వెనక్కి పడదు. వెనక స్ప్రింగులు అణుగుతాయి కాబట్టి నిజంగా నడిపేటప్పుడు ఇంకొంచెం ముందే పడుతుంది. ఇప్పుడు అదే బండికి టాప్ మీద లగేజీ రాక్, దాని మీద స్టెప్నీ, జెర్రీ క్యాన్లు, లైట్లు పెట్టి, బ్యాటరీని వెనక్కి జరిపాం అనుకోండి. గరిమనాభి వెనక యాక్సిల్‌కు 14 సెంటీమీటర్ల దూరానికి వచ్చి, ఎత్తు 12 అవుతుంది. కోణం 50 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. మోటారు మారలేదు, టైర్లు మారలేదు, 13 డిగ్రీలు పోయాయి.

జారే సంగతి ఇంకో లెక్క. రబ్బరుకూ రాయికీ మధ్య ఘర్షణ గుణకం 1 అయితే 45 డిగ్రీల దగ్గర జారడం మొదలవుతుంది. గట్టి గ్రానైట్ మీద మెత్తటి టైరు అంతకంటే బాగానే పట్టుకుంటుంది. కాబట్టి గుత్తి గుండ్ల మీద జారడానికి ముందే పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువ. అక్కడ బరువు కిందికి, ముందుకు తేవడమే అసలు పని. పొడి పట్టిన నాపరాయి మీద 45 దాకా పోయే మాటే లేదు, చాలా ముందే జారుతుంది. అక్కడ ముందు నకిల్స్‌కు ఇత్తడి వేసి 63 డిగ్రీలు సాధించి ఏం లాభం? ఆ కోణం దాకా బండి ఎప్పటికీ చేరదు. మా వాడు టైర్ల కంటే ఇత్తడికే ఎక్కువ ఖర్చు రాసుకున్నాడు. ఆ ఖర్చు నాకు పనికొస్తుంది, వాడికి రాదు.

ఇత్తడి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. బరువు కావాలంటే బయటినుంచి తెప్పించిన ఇత్తడే కావాలని లేదు. కార్లకు వీల్ బ్యాలెన్సింగ్ చేసే షాపుల్లో అంటించే బరువు ముక్కలు దొరుకుతాయి, 5 గ్రాములు, 10 గ్రాముల ముక్కలు. వాటిని రిమ్ము లోపల చుట్టూ అంటించి టైరు బిగిస్తే, యాక్సిల్ ఎత్తులోనే, బాగా కిందనే బరువు చేరుతుంది. ముందు చక్రాలకు ఎక్కువ, వెనక చక్రాలకు తక్కువ వేసి, తూకం చూసుకుంటూ సరిచేసుకోవచ్చు. నచ్చకపోతే పీకేయొచ్చు. ఒక ఆదివారం మధ్యాహ్నం అయిపోయే పని.

బోరు మోటార్లు చుట్టే ఆయన చెప్పింది

నా బండిలో ఒక మోటారు కాలిపోయాక, దాన్ని మా వీధి చివర బోరు మోటార్లు చుట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయాను. లోపల ఎలా ఉందో విప్పి చూద్దామని. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, డబ్బా వంచి తెరిచి, మూడు పళ్ల ఆర్మేచర్ బయటికి తీసి, దబ్బనంతో తీగ చుట్లు ఒక్కొక్కటే లేపి చూశాడు. 55టీ మోటారు అంటే పంటికి 55 చుట్లు. 35టీ అంటే 35. చుట్లు పెరిగితే అదే చోటులో పట్టాలి కాబట్టి తీగ సన్నబడాలి. స్పీడు తగ్గుతుంది, ఆంపియరుకు వచ్చే బలం పెరుగుతుంది. నేను ఇదంతా చెప్పబోయేలోపే ఆయనే అన్నాడు.

"స్పీడు వద్దనుకున్యారప్పా దీనికి. బలమే కావాలనుకున్యారు. అంతా బాగుంది. మరి చల్లబడేదెట్ల?"

"గాలికేనన్నా" అన్నాను.

"గాలి యాడుంది దీంట్లో? బోరు మోటారు నీళ్లలో ఉంటాది, నీళ్లే చల్లబరుస్తాయి. నీది ఎండలో రాయి మీద నిలబడుకోని గింజుకుంటాది. కాలకుండా ఏమైతాది?"

ఈ హాబీ మీద నేను చదివిన వాటిలో ఎక్కడా ఈ మాట ఇంత తేటగా లేదు. క్రాలర్ మోటారు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరిగే మోటారు లోపల గాలి ఆడదు. చక్రం రాయికి తట్టుకుని ఆగిపోయినప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, తిరగడం మాత్రం ఉండదు. మన దగ్గర ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటిన గాలి, అంతకంటే కాగిన బండ. చల్లటి దేశంలో మధ్యాహ్నమంతా నడిచే ఏర్పాటు ఇక్కడ అంతసేపు తట్టుకోదు. దీనికి మందు పెద్ద మోటారు కాదు, చిన్న పినియన్ (మోటారు ఇరుసుకు ఉండే గేరు). పళ్లు తక్కువున్న పినియన్ వేస్తే గేరింగ్ దిగుతుంది, మోటారు సులువుగా తిరుగుతుంది, చక్రం దగ్గర బలం పెరుగుతుంది. స్పీడు పోతుంది, పోనీ. గుండు ఎక్కేటప్పుడు మనం నడిచి బండి పక్కనే ఉంటాం.

మా తమ్ముడు రాసుకున్న త్రీ-ఎస్ బ్యాటరీ, సెన్సార్ లేని చవక బ్రష్‌లెస్ మోటారు గురించి ఇదే నా అభ్యంతరం. సెన్సార్ లేని బ్రష్‌లెస్ బాగా మెల్లగా తిప్పాల్సి వచ్చినప్పుడు కుదుపులు పడుతుంది. కదిలే బండముక్కల మీద ఒక్క కుదుపు చాలు, ముక్క తిరగబడుతుంది. మంచి సెన్సార్ బ్రష్‌లెస్ అయితే మెత్తగా నడుస్తుంది, నిజమే, కానీ దాని ధరకు సగం బండి వస్తుంది. మొదటి బండికి డ్రాగ్ బ్రేక్ ఉన్న మామూలు బ్రష్డ్ ఈఎస్సీ (మోటారు స్పీడును అదుపుచేసే సర్క్యూట్), 55టీ మోటారు, టూ-ఎస్ బ్యాటరీ చాలు. ట్రిగర్ వదలగానే వాలు మీద బండి నిలబడిపోవాలి. నాపరాయి కుప్ప మీద మా వాడికి అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది అదే.

నీళ్లు కాదు, దుమ్ము

అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ. ఏడాదిలో ఎక్కువ రోజులు మన బండికి నీళ్లు తగలవు. అయినా ప్రతి లిస్టులోనూ నీళ్లు చొరని డబ్బా, నీళ్లు చొరని సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) మొదటి వరసలో ఉంటాయి. అవి రాసినవాళ్లు వానల్లో, బురదలో, నాచుపట్టిన వాగుల్లో నడుపుతారు. వాళ్లకు అది అవసరమే. మనకు బండిని తినేది గరుసు, రాతిపొడి. బేరింగుల్లోకి, స్టీరింగ్ లింకుల బంతుల్లోకి, డ్రైవ్‌షాఫ్ట్ కీళ్లలోకి అది దూరుతుంది. గ్రీజు రాసిన చోట ఇంకా ఎక్కువ పట్టి, సానరాయిలా అరగదీస్తుంది. అందుకే బయటికి తెరిచి ఉన్న కీళ్లకు నేను గ్రీజు రాయను. బేరింగులు రబ్బరు సీలున్నవే కొంటాను. ఇంటికొచ్చాక పెయింట్ బ్రష్షుతో దులుపుతాను. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

ఎండ ఇంకో సంగతి. త్రీడీ ప్రింటింగ్ ఇప్పుడు అనంతపురంలోనూ చేయించుకోవచ్చు కాబట్టి చాలామంది బంపర్లు, బ్యాటరీ ట్రేలు, సర్వో మౌంట్లు ప్రింటు చేయిస్తున్నారు. మంచి పనే. కానీ చవగ్గా, తేలిగ్గా ప్రింటయ్యే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది. మే నెలలో అద్దాలు మూసిన కారులో డ్యాష్‌బోర్డు మీద అంత వేడి రావడం వింతేమీ కాదు. మా స్నేహితుడొకరు ఎంతో ముచ్చటపడి చేయించుకున్న జీపు బాడీ కారులో అట్లాగే వంగిపోయింది. పైకప్పు మధ్యలో గుంటపడి, కిటికీలు పక్కకు వాలిపోయాయి. ఎవరో విదేశీ ఫైలులో "పీఎల్ఏ చాలు" అని రాసి ఉంది, ఆయన అదే చేయించాడు. ఇక్కడ పీఈటీజీ అడగండి, 80 దాకా ఆగుతుంది. ఏబీఎస్ అయితే ఇంకా మేలు. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలను కారు డిక్కీలో ఎండకు వదలొద్దని, నడిపి వచ్చాక వేడి తగ్గేదాకా ఛార్జింగ్ పెట్టొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఇందులో ఎవరి అభిప్రాయాలకూ చోటు లేదు.

ఎదురు వాదనలు

ఇదంతా చెబితే ఒక మిత్రుడు ఎదురు చెప్పాడు. "భౌతికశాస్త్రం మోయాబ్‌లో ఒకటి, గుత్తిలో ఒకటి ఉండదు కదా. అందరూ మెచ్చిన బండి కట్టుకుంటే ఎక్కడైనా నడుస్తుంది. మొదటిసారి కట్టేవాడికి రాళ్లు చదువు, దుమ్ము చదువు అంటే భయపడి మానేస్తాడు."

ఈ మాటలో బలముంది. కొత్తవాడికి ఆధారంగా ఒక లిస్టు కావాలి. ఏమీ తెలియకుండా బండ దగ్గర నిలబడితే బండ ఏమీ చెప్పదు. నాకూ మొదట్లో ఎవరో నడిచిన దారే దిక్కయింది. అంతేకాదు, కొలతల విషయంలో అందరి దారిలో పోవడమే మంచిది. 1/10 స్కేలు, 12 మిల్లీమీటర్ల హెక్స్ (చక్రం ఇరుసుకు బిగిసే ఆరుపలకల ముక్క), 1.9 రిమ్ములు, ఎం-3 బోల్టులు, 313 మిల్లీమీటర్ల వీల్‌బేస్, ఇవి మార్చుకోవద్దు. మార్చుకుంటే ఒక చిన్న గేరు విరిగినా స్పేరు దొరక్క బండి అటకెక్కుతుంది. డబ్బు లెక్కన చూసినా, ఒక్కో పార్టు కొని కట్టేదానికంటే రెడీమేడ్ బండి కొనడమే చాలాసార్లు చవక. కాబట్టి రెడీమేడ్ కొనొద్దని నేననను. కొని, ఏమీ మార్చకుండా మీ బండ మీద నడపండి. ఎక్కడ ఆగిపోతుందో చూడండి. జారిందా, పల్టీ కొట్టిందా, పొట్ట తగిలిందా, మోటారు కాగిందా? దానికి జవాబుగా వచ్చే పార్టే మీ మొదటి పార్టు.

అయితే భౌతికశాస్త్రం అంతటా ఒకటేనన్న వాదన నాకే అనుకూలం. నియమం ఒకటే కాబట్టే రాయి మారినప్పుడు జవాబు మారుతుంది. ఘర్షణ గుణకం మారాక అదే బండి పట్టుకుని కూర్చుంటే ఆ నియమాన్ని మనం చదవనట్టే.

ఇంకో సందేహం నాకే ఉంది. ప్రతివాడూ తన బండకు తగ్గట్టు కట్టుకుంటే, నలుగురం ఒకచోట కలిసి నడిపేటప్పుడు ఎట్లా? గుత్తికి కట్టిన నా బండి తాడిపత్రి కుప్పల మీద నిజంగానే తడబడుతుంది. టైర్లకు పొడి పట్టి, నిటారు అంచుల దగ్గర ముందు బంపరు తగిలి నిలబడిపోతుంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రెండు జతల చక్రాలు ఉంచుకోవడం, బరువు ముక్కలు తీసిపెట్టుకునేలా అంటించడం, ఇంతవరకే నాకు తోచింది. ఎక్కడైనా కొంచెం కొంచెం నడిచే బండి కంటే, ఒక్కచోట బాగా నడిచే బండి నాకిష్టం. కాదనేవాళ్లతో నాకు తగాదా లేదు.

పోర్టల్స్ దగ్గర వాడిదే సరి

మొన్న మా తమ్ముడు కొలటేపు, ఫోను పట్టుకుని కుప్పల దగ్గరికి పోయి, అంచుల ఎత్తులు కొలిచి ఫోటోలు పంపాడు. చాలా ముక్కలు రెండంగుళాల మందం. కొన్నిచోట్ల రెండు ముక్కలు కలిసి నాలుగంగుళాల మెట్టు. ఫోటోలు చూస్తుంటే వాడి లిస్టులో నేను కొట్టేసిన ఒక పేరును మళ్లీ రాయాల్సి వచ్చింది. పోర్టల్ యాక్సిల్స్. 2017లో ట్రాక్సాస్ కంపెనీ టీఆర్ఎక్స్-4 క్రాలర్ వాటితో వచ్చాక అందరూ అవే కావాలంటున్నారు కాబట్టి, వాడిదీ ఆ వరసేనని అనుకున్నాను. నా గుండ్ల మీద వాటి అవసరం పెద్దగా లేదు. రాయి గుండ్రంగా ఉంటుంది, మామూలు యాక్సిల్ మధ్యలో ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ (గేర్ల డబ్బా) తగిలినా మెల్లగా జారి దాటేస్తుంది. పైగా పోర్టల్స్ చాసిస్‌ను ఎత్తుతాయి, నేను కిందికి దించాలనుకుంటున్నాను. కానీ నిటారు అంచు మీద ఆ ఉబ్బే కొక్కెంలా తగులుకుంటుంది. పోర్టల్‌లో చక్రం దగ్గరే గేర్లుంటాయి కాబట్టి యాక్సిల్ గొట్టం పైకి లేస్తుంది, ఉబ్బు అంచుకు అందదు. వాడి కుప్పలకు అవి కావాలి.

ఇత్తడి నకిల్స్ తీసేశాడు. బ్రష్‌లెస్ తీసేసి 55టీ రాశాడు. త్రీ-ఎస్ పోయి టూ-ఎస్ వచ్చింది. నీళ్లు చొరని డబ్బా డబ్బుతో రెండో జత టైర్లు రాసుకున్నాడు, ఒకటి మెత్తటిది, ఒకటి లోతైన గళ్లు ఉన్నది. పొడి పట్టినప్పుడు ఏది మేలో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. లింకులు (యాక్సిల్‌ను చాసిస్‌కు కలిపే కడ్డీలు) మాత్రం బయటినుంచి తెప్పించొద్దని, ఇక్కడ లేత్ షాపులో ఎం-4 మర వేయించి స్టీలు కడ్డీతో చేయిస్తానని చెప్పాను. పోర్టల్స్ వచ్చే దాకా ఆగి, యాక్సిల్ మీద చిల్లుల దూరం కొలిచాకే కడ్డీ కోయించాలి. టైర్ల సంగతి పండక్కి వాడు ఇక్కడికొచ్చినప్పుడు కాదు, నేనే తాడిపత్రి పోతాను, ఆ కుప్పల మీదే ఇద్దరం చూస్తాం.